పెళ్ళిరోజుకి వచ్చిన పంచాయితీ

అత్తగారు ఇంట్లో ఉన్నారు కాబట్టి కపెంబ్వ ఇంటి బయట ఉన్నాడు.

పెళ్ళయి రేపటికి పదేళ్ళు. అయితే ఏం? బెంబా జాతి అల్లుడికి అత్తగారి ముఖం చూసే యోగం దానంతటది పట్టదు. ఆమె ఎదురొస్తే అతను పక్కకి తిరగాలి. ఆమెతో మాట్లాడకూడదు, ఆమె చెవిన పడేలా గొంతు పెంచకూడదు, ఆమెతో ఒకే బండి ఎక్కకూడదు. అల్లుడి మీద గురి కుదిరాక పిల్లనిచ్చినవాళ్ళే ఒకనాడు వంటలు వండి, డప్పులు కొట్టి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాలి. కపెంబ్వ విషయంలో ఆ రోజు ‘రెండో బిడ్డ పుట్టనీ, చూద్దాం’ అంటూ వాయిదా పడింది. రెండో బిడ్డ నిలవలేదు. వాయిదా మాత్రం నిక్షేపంగా నిలిచింది.

చిలెంజె పేటలో వాళ్ళది రెండు గదుల ఇల్లు, గుమ్మం ఒక్కటే. ఆ గుమ్మానికి ఎదురుగా లోపల చాప వేసుకుని అత్తగారు కూర్చుంది. ఇక కపెంబ్వకి దారేది? ఇంటి వెనక, అరువు తెచ్చిన కరొల్లా కారు పక్కన, కిటికీ కింద, తన ఇంటికి తనే దొంగలా నిలబడ్డాడు. అక్టోబరు ఎండ నడినెత్తి మీద ఉంది. ఉక్కకి కిటికీ పలకలన్నీ తెరిచి ఉన్నాయి. లోపలి మాట ఒక్కటీ పొల్లుపోవడం లేదు.

“అమ్మా, నీళ్ళన్నా తాగండి. కపిరి నుంచి బస్సులో ఉడికిపోయి వచ్చారు.” సంపా గొంతు అది, అతని భార్యది.

“నీళ్ళకేం తొందర? ముందు సంగతి తేలనీ,” అంది అత్తగారి వెంట వచ్చిన ముసలావిడ.

ఆ ముసలావిడని అందరూ నచింబుసా అనే పిలుస్తారు. పదేళ్ళ కిందట మూడు వారాలు గది తలుపులు మూసి సంపాకి కాపురం నేర్పిన గురువమ్మ ఆవిడే. పాఠం చెప్పినావిడే ఇవాళ పరీక్ష పెట్టడానికి వచ్చింది.

“ఏ సంగతి?” అంది సంపా.

“మమ్మల్నే అడుగుతావా? నీ మొగుడు కబురు పెట్టాడు, రమ్మని. ఎందుకో చెప్పలేదు. నీకు తెలియనివ్వద్దన్నాడు. ఇంకేం కావాలే?”

బయట కపెంబ్వ తల పట్టుకున్నాడు.

ఈ గొడవని పిలిచి తెచ్చుకున్నది అతనే మరి. కార్లకి సీట్ల తొడుగులు కుట్టే పని అతనిది. గ్యారేజీ యజమాని గారి కరొల్లాకి తను ఊరికే సీట్లు కుట్టిపెట్టాడు. బదులుగా రెండు రోజులు బండి ఇస్తానన్నాడు ఆయన. సంపాని సియావొంగా తీసుకెళ్ళాలి, సరస్సు చూపించాలి, పెళ్ళిరోజు అక్కడ గడపాలి. పెద్ద హోటళ్ళున్న ఒడ్డు తన తాహతుకి కాదు కాబట్టి చేపల పడవలు ఆగే ఒడ్డున చర్చివాళ్ళ విడిదిలో ఒక గది మాట్లాడాడు. దుప్పట్లు మనవే తెచ్చుకోవాలి. బండి వెనక బొగ్గుల కుంపటి, మొక్కజొన్న పిండి, సీసాలో నూనె, నాలుగు ఉల్లిపాయలు సర్దేశాడు. తెల్లారేసరికి పడవల దగ్గరకి పోతే కపెంటా చేపలు చవగ్గా దొరుకుతాయి. వారం కిందట అటక మీద పెట్టె దింపి, తెగిన జిప్పు కూడా కుట్టాడు.

సంపాకి చెప్పలేదు. చెబితే, “ఆ డబ్బుతో వంటింటి మీద రేకు వేయించండి,” అంటుంది. మనలాంటివాళ్ళ సరదా రహస్యంగా ఉన్నంతసేపే సరదా.

వచ్చిన చిక్కల్లా ఏడేళ్ళ కూతురు లొంబె గురించి. రెండు రోజులు పిల్లని ఎవరు చూస్తారు? అమ్మమ్మ రావాలి. అల్లుడిగా తను అడగకూడదు కనుక బావమరిది మకాసాని పట్టుకుని చెప్పాడు. “మీ అమ్మని శనివారం పొద్దున్నకి రమ్మను. ఎందుకో చెప్పకు. మీ అక్కకి అసలు తెలియనివ్వకు.”

మకాసా నిజాయితీపరుడు. అక్షరం తప్పకుండా అదే చెప్పాడు. కొంప అక్కడే మునిగింది.

అల్లుడు కారణం చెప్పకుండా, భార్యకి తెలియకుండా అత్తగారికి కబురు పెడితే ఆ జాతిలో ఒక్కటే అర్థం. నీ కూతురి మీద నాకు ఫిర్యాదుంది, వచ్చి విను అని. ఆ సంగతి కపెంబ్వకి తెలియనిదా? పుట్టిన దగ్గర్నుంచీ తెలుసు. కానీ సరదాలో పడ్డ మనిషి ముందు మరిచిపోయేది తనకి బాగా తెలిసిన సంగతినే. అటువంటి కబురు అందాక శనివారం దాకా ఏ తల్లి ఆగుతుంది? శుక్రవారం మధ్యాహ్నానికే గురువమ్మని వెంటబెట్టుకుని దిగింది.

కపెంబ్వ సంపాకి ఫోను చేశాడు. లోపల మోగింది.

“నోరు మూయించవే దాన్ని,” అంది నచింబుసా. ఫోను నోరు మూసుకుంది.

మకాసాకి చేశాడు. వాడు తల్లిని దించేసి, ఆకలేస్తోందని సంత దాకా వెళ్ళాడు. వాడి ఫోను ఎప్పటిలాగే చచ్చి ఉంది.

పక్కింటి అమాయి జేరె దడి అవతల బన్నులు కాలుస్తోంది. వితంతువు, ఎంగొని జాతి మనిషి; అమాయి అంటే అమ్మ అని. ఎంగొనీలకీ బెంబాలకీ పరాచికాల వరస. వీళ్ళు కోతుల్ని తింటారని వాళ్ళు, వాళ్ళు ఎలకల్ని తింటారని వీళ్ళు ఏమన్నా అనుకోవచ్చు, కోపాలు రావు.

“అమాయీ, ఒక్క సాయం చెయ్యండి. లోపలికెళ్ళి, గొడవేం లేదు, నాకే ఫిర్యాదూ లేదు అని చెప్పండి.”

“మరి ఎందుకు పిలిపించావయ్యా?”

కపెంబ్వ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “రేపు మా పెళ్ళిరోజు. సియావొంగా తీసుకెళ్దామని. ఆ మాట మాత్రం చెప్పకండి. సంపాకి తెలిసిపోతుంది.”

“తెలిసిపోతే?”

“అంతా పాడైపోతుంది కదా.”

అమాయి జేరె నడుం మీద చేతులు పెట్టుకుని అతన్ని పైనుంచి కిందికి చూసింది. “కోతుల్ని తినేవాళ్ళకి కోతి తెలివే వస్తుందని మా ఆయన అనేవాడు. నేను నమ్మలేదు. ఇల్లు తగలబడుతుంటే అందులో దాచిన మిఠాయి కరిగిపోతుందని బాధపడేవాణ్ణి నిన్నే చూశాను.”

అయినా వెళ్ళింది. రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది.

“గుమ్మం ఎక్కనివ్వలేదు ఆ ముసల్ది. ‘ఎలకల్ని తినే నోటికి మా కాపురాల సంగతెందుకమ్మా’ అంది. గొడవేం లేదంటున్నాడమ్మా అని బయట్నుంచే అరిచాను. ఏమందో తెలుసా? ‘పిలిపిస్తారు, మేం వచ్చాక గొంతు పెగలదు. ఇట్లాంటి మగాళ్ళని ఎంతమందిని చూశాను? గొడవ లేదన్నాడంటే పెద్ద గొడవే’ అంది.”

“అయ్యో.”

“నువ్వే వెళ్ళి చెప్పరాదూ?”

“అత్తగారున్నారు.”

“ఉంటే? కరుస్తుందా?”

ఆమె విసుక్కుంటూ బన్నుల దగ్గరకి పోయింది.

లోపల నచింబుసా ఒక్కొక్కటే అడుగుతోంది. స్నానానికి నీళ్ళు కాచి పెడుతున్నావా? పెడుతున్నాను. ముందు అతనికి వడ్డిస్తున్నావా? ఆయన రాకుండా కుండ మూత తియ్యను. పక్కలో కాదంటున్నావా? లేదు. వాళ్ళమ్మని ఏమన్నా అన్నావా?

“ఆవిడ నన్ను అంటుంది కానీ నేను ఆవిడని ఎప్పుడన్నాను?”

“ఇంకో మగాడి నీడేమైనా ఉందా?”

“నచింబుసా!”

“అరవకు. అడగడం నా పని. మరి ఏదో ఒకటి లేకుండా ఎందుకు పిలుస్తాడే? నిప్పు లేనిదే పొగ వస్తుందా?”

తల్లి గొంతు మొదటిసారి వినిపించింది. అలిసిపోయిన గొంతు. “తల్లీ, ఇక్కడ పరాయివాళ్ళు లేరు. నీకు తెలుసు అతను ఎందుకు పిలిచాడో. నీ మొహంలో కనపడుతోంది. చెప్పెయ్యి.”

ఇంక లాభం లేదనుకున్నాడు కపెంబ్వ. ఆచారం మంట గలవనీ, వెళ్ళి చెప్పేస్తాను అనుకున్నాడు. ఇంటి మూల తిరిగి, ముందువైపుకి వచ్చి, గుమ్మం పక్కన చెప్పులు విడిచాడు. ఒక అడుగు వేస్తే అయిపోయేది. మంచివాడి ధైర్యం ఎప్పుడూ ఒక్క అడుగు ఆలస్యంగానే వస్తుంది.

“కార్డు చూసుంటారు,” అంది సంపా లోపల.

“ఏ కార్డు?”

“క్లినిక్కు కార్డు. పెట్టె అరలో దాచాను. పోయిన వారం ఆ పెట్టె దింపి ముందేసుకుని కూర్చున్నారు. అడిగితే జిప్పు బాగు చేస్తున్నానన్నారు. ఆ పెట్టెకి జిప్పు తెగి రెండేళ్ళయింది. ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చింది? అప్పట్నుంచీ ఫోన్లో గుసగుసలు, నేను రాగానే మాట మార్చడాలు. అప్పుడే అనుకున్నాను, తెలిసిపోయిందని.”

“ఏం తెలిసిపోయిందే?” అంది తల్లి.

“సూది. మూడు నెలలకోసారి. పిల్లలు పుట్టకుండా.”

“ఎన్నాళ్ళనుంచి?”

“ఆరేళ్ళు.”

గుమ్మం పక్కన కపెంబ్వ కాలు ఎత్తినది ఎత్తినట్టే ఉండిపోయింది.

ఆరేళ్ళు! ఆరేళ్ళుగా అతను రోజూ పొద్దున్నే గంజిలో వేరు పొడి కలుపుకుని తాగుతున్నాడు. వాళ్ళమ్మ ముపోరొకొసో నుంచి మూట కట్టి పంపే పొడి. నాలిక మీద పడితే మధ్యాహ్నం దాకా చేదు పోదు. మగతనం తిరిగి రావడానికట. ఆసుపత్రిలో పరీక్ష చేయించుకున్నాడు. అన్నీ బాగానే ఉన్నాయి, ఓపిక పట్టమన్నారు. షాపులో తోటివాళ్ళు ‘ఒక్క కాయ కాసిన చెట్టు’ అని పేరు పెట్టారు. నవ్వి ఊరుకున్నాడు. ఎవడేమన్నా సంపాకి చెప్పేవాడు కాదు, బాధపడుతుందని.

ఆ గంజి ఎవరు కాచేవారు? సంపాయే. ఎవరు కలిపి ఇచ్చేవారు? సంపాయే. అతను ముక్కు మూసుకుని తాగుతుంటే పక్కనే నిలబడి, ఖాళీ గిన్నె అందుకునేది.

“ఎందుకు చేశావే అట్లా?” తల్లి ఏడుస్తోంది. “ఇంకొక బిడ్డ పుట్టగానే అల్లుణ్ణి లోపలికి పిలుద్దామని నేను కుండలు కొని పెట్టుకున్నాను కదే.”

“పుట్టాడు కదమ్మా ఒకడు. నాలుగు రోజులు ఉన్నాడు. ఎవరికైనా గుర్తుందా?” సంపా గొంతులో ఏడుపు లేదు, అదే భయంగా ఉంది. “వాణ్ణి పూడ్చిపెట్టి వచ్చిన వారానికి మా అత్తగారు మళ్ళీ వచ్చింది. నా రొమ్ముల్లో పాలు ఇంకా ఇంకలేదు. ‘ఖాళీ అయిన పొలాన్ని బీడు పెట్టకూడదు, వచ్చే ఏడాదికి ఇంకొకణ్ణి ఎత్తుకోవాలి’ అంది. కాన్పప్పుడు నాకు రక్తం ఎంత పోయిందో ఆవిడ చూసింది. ఇంకోసారైతే మనిషి దక్కదేమోనని డాక్టరు చెప్పింది ఆవిడ ముందే. ఆవిడ పొలం మాట అన్నప్పుడు ఆయన అక్కడే ఉన్నారు. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట, ‘అమ్మా, ఊరుకో’ అంటారేమోనని చూశాను. ఆయన చెప్పుల్లో మట్టి దులుపుకుంటూ కూర్చున్నారు.”

నిజమే. మట్టి దులుపుకున్నాడు. ఆ మట్టి బిడ్డ సమాధి దగ్గరిది, ఆ పొద్దున ఒక్కడూ వెళ్ళి వచ్చాడు. అది ఆమెకి కనపడకూడదని దులిపాడు. ఆ ముక్క ఆ రోజు చెప్పలేదు. ఇవాళ చెప్పడానికి గుమ్మం అడ్డం.

“మర్నాడే క్లినిక్కుకి వెళ్ళాను,” అంది సంపా. “చెప్పేద్దామని ప్రతిసారీ అనుకున్నాను. ఆ పొడి తాగుతుంటే చెప్పలేక చచ్చేదాన్ని. చెబితే వాళ్ళమ్మకి చెప్పేస్తారు, ఆయన నోట్లో మాట దాగదు. ఇప్పుడు తెలిసింది కదా. తెలిసి, నన్నొక్క మాట అడక్కుండా మీకు కబురు పెట్టారు. సరే. పదేళ్ళ కాపురానికి అంత మర్యాదే దక్కాలేమో.”

అప్పుడు వచ్చాడు మకాసా. చేతిలో కాల్చిన వేరుశనక్కాయల పొట్లం, మొహం నిండా నవ్వు. గుమ్మం పక్కన బొమ్మలా నిలబడ్డ బావని చూశాడు. “ఏంటి బావా, నీ ఇంటికి నువ్వే కాపలానా?” అంటూ, కపెంబ్వ చెయ్యి పట్టుకునేలోపే లోపలికి వెళ్ళిపోయాడు. వాడికి అడ్డేముంది, కొడుకు.

“ఏంటమ్మా, అందరూ చావింట్లో కూర్చున్నట్టు కూర్చున్నారు? అక్కా, ఏడుస్తున్నావా? అరె, ఎవరు చెప్పారు?”

“నువ్వే కదరా కబురు తెచ్చింది,” అంది నచింబుసా. “బావ ఫిర్యాదు.”

“ఫిర్యాదా? ఎవరిమీద? ఓలమ్మో! రేపు వీళ్ళ పెళ్ళిరోజే! బావ అక్కని సియావొంగా తీసుకెళ్తున్నాడు. లొంబెని చూసుకోడానికి అమ్మని రమ్మన్నాడు. అక్కకి తెలియకూడదని ఎందుకో చెప్పద్దన్నాడు. వెనకాల బండి చూళ్ళేదా? కుంపటి కూడా పెట్టుకున్నాడు పిచ్చోడు!”

నవ్వింది మకాసా ఒక్కడే. తర్వాత వాడూ ఆపేశాడు.

కపెంబ్వ మళ్ళీ ఇంటి వెనక్కి నడిచాడు. ఎందుకో అతనికే తెలియదు. గుమ్మం దగ్గర నిలబడలేకపోయాడు, అంతే. కిటికీ తెర పక్కకి తప్పుకుంది. సంపా అక్కడికి వచ్చింది. బండి వంక చూసింది. కొత్తగా కుట్టిన ఎర్ర సీట్ల వంక, వెనక సీటు మీద మడిచిన దుప్పట్ల వంక చూసింది. తర్వాత అతన్ని చూసింది.

“మీరు కార్డు చూడలేదా, బాషి లొంబె?” లొంబె నాన్నా అని ఆమె పిలిచే పిలుపు అది. ఏడేళ్ళలో అంత నెమ్మదిగా ఎప్పుడూ పిలవలేదు.

“జిప్పు కుట్టాను. అంతే.”

“అయితే మీకేం తెలీదు.”

“ఇప్పుడు తెలిసింది.”

ఆమె పెదాలు కదిలాయి. నవ్వబోయిందో ఏడవబోయిందో తేలకుండానే తెర పడిపోయింది.

కాసేపటికి నచింబుసా కర్ర పొడుచుకుంటూ వెనక్కి వచ్చింది. మోకాళ్ళ మీద వంగి కపెంబ్వ వాళ్ళ ఆచారం ప్రకారం చేతులు చరిచి నమస్కరించాడు. ఆమె అందుకోలేదు.

“చూడు నాయనా. నువ్వు పిలిచింది దేనికో, మేం విన్నది దేనికో. నీ తప్పు నీకుంది. నోరు తిన్నగా విప్పి కబురు పెట్టి ఉంటే ఇంత ఉండేది కాదు. పిల్లది చేసింది తప్పే. కాదని అనను. ఇక్కడ విన్నది ఇక్కడే పాతేస్తాను, మీ అమ్మ చెవిన పడదు. కానీ ఒకసారి బయటపడ్డ మాటకి జవాబు ఉండి తీరాలి. పెద్దల్ని పిలిచినవాడివి నువ్వు. చెప్పు. పిల్లని ఉంచుకుంటావా, మాతో రేపటి బస్సుకి పంపుతావా?”

గంట కిందట ఈ మనిషి ఎదురుపడితే కాళ్ళ మీద పడేవాడు. నా పెళ్ళాం బంగారం, పొరపాటైంది, మీరు నీళ్ళు తాగండి అనేవాడు. ఇప్పుడు ఆ మాటల కోసం వెతికితే నోట్లో చేదు తప్ప ఏమీ తగల్లేదు. ఆరేళ్ళ చేదు.

“రేపటి బస్సు ఎందుకు?” అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “బండి సిద్ధంగా ఉంది. ట్యాంకు నింపించాను. సియావొంగా ఎంత దూరమో కపిరీ అంతే. వెళ్ళి రావడానికి సరిపోతుంది. మకాసా నడుపుతాడు.”

“కోపంతో అంటున్నావా, ఆలోచించి అంటున్నావా?”

“అన్నాను కదా.”

ముసలావిడ అతని కళ్ళలోకి చాలాసేపు చూసింది. “నీ బిడ్డ?”

“లొంబె బడి నుంచి వస్తే నేను చూసుకుంటాను.”

ఆవిడ కర్ర పొడుచుకుంటూ వెళ్ళింది. మకాసా వచ్చి ఏడుపు మొహంతో చెయ్యి చాపితే కపెంబ్వ తాళాలు అందులో పెట్టాడు. వాడు ఏదో అనబోయాడు. “మాట్లాడకు,” అన్నాడు కపెంబ్వ.

“అల్లుడా, తప్పుకో. మీ అత్తగారు వస్తోంది,” అని నచింబుసా కేక వేసింది.

కపెంబ్వ ఇంటి గోడవైపు తిరిగాడు. నుదురు గోడకి తగిలేంత దగ్గరగా నిలబడ్డాడు. సున్నం పెచ్చులూడిన చోట చీమలు బారు కట్టి పోతున్నాయి. వెనక అడుగుల చప్పుడు. ఒకటి కర్ర సాయంతో నడిచే అడుగు. ఒకటి బరువైన అడుగు, మధ్యమధ్య ఆగి ముక్కు చీదుతోంది. ఇంకొక అడుగు ఉందా, లేదా? చెవులు రిక్కించినా తెలియలేదు. సంపా ఇంట్లో ఎప్పుడూ ఉత్త కాళ్ళతోనే తిరుగుతుంది.

తలుపు ఒకటి పడింది. ఇంకొకటి పడింది. తర్వాత కాసేపు ఏమీ లేదు. ఎవరో దేనికో ఆగారు. తిరిగి చూడాలి, ఒక్క మాట అనాలి, చెప్పుల మట్టి సంగతైనా చెప్పాలి అనిపించింది. అత్తగారు ఉన్నారుగా. మూడో తలుపు పడింది. నాలుగోది పడిందో, మూడోదే మళ్ళీ తెరిచి వేశారో.

“అక్కా,” అన్నాడు మకాసా. ఆ పిలుపు బండి లోపలికో, ఇంటివైపుకో అర్థం కాలేదు.

ఇంజను అందుకుంది. చక్రాల కింద గులకరాళ్ళు నలిగాయి. అమాయి జేరె దడి మీదుగా తొంగి చూసి, వెనక్కి తగ్గింది. బండి చప్పుడు సందు చివర మలుపు తిరిగి, పెద్ద రోడ్డు రొదలో కలిసిపోయింది.

ఇప్పుడు అత్తగారు లేరు. ఆచారం అడ్డం లేదు. వెనక్కి తిరిగి, ఇంట్లోకి వెళ్ళి, సంపా ఉందో లేదో చూడొచ్చు.

కపెంబ్వ గోడవైపే నిలబడి ఉన్నాడు.